పాస్ అవే అంటే ఏంది, పాణన్నా?

కొత్తవాడ, వరంగల్
12 జూన్ 2025

భీవండి మరమగ్గాల మధ్య చెవులు పోగొట్టుకుని నిమ్మళంగా బతుకుతున్న మహారాజశ్రీ దేవదాసు దొరవారి సముఖమునకు,

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఈ సోమవారం పొద్దున ఆరు గంటల నుంచి కొత్తవాడ చేనేత సంఘం హాలులో తెలుగు భాష నిషేధించబడినది. గడప లోపల ఎవరికి దగ్గు వచ్చినా ఇంగ్లీషులోనే దగ్గవలెను. తుమ్ములకు మాత్రం దయతలచి మూడు రోజులు గడువు ఇవ్వబడినది. గోడ మీది బల్లి ఇకమీదట లిజర్డు అని పిలువబడును. మెట్ల మీద పడుకునే కుక్కకు ఈ సంగతి నోటీసు ద్వారా తెలుపగా, అది నోటీసు మీద కాలెత్తి సంతకం చేసినది. ఇట్లు, ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పిన సారంగపాణి, క్లాసు లీడరు.

నవ్వావా? నవ్వకపోతే ఇంకోసారి చదువు. నీతో ఫోన్లో మాట్లాడదామంటే నీకు వినపడదు. రాసి పంపుదామంటే నీ డబ్బా ఫోన్లో తెలుగు అక్షరాలు రావు. అందుకే ఈ కాలంలో కూడా కొత్తవాడ పోస్టాఫీసును నేనొక్కణ్నే పోషిస్తున్నాను.

అసలు సంగతి ఏమిటంటే, ఇక్కడ పెద్దవాళ్ల కోసం నలభై రోజుల ఇంగ్లీషు క్లాసు పెట్టారు. రోజూ పొద్దున ఆరు నుంచి పది దాకా. ఆదివారం కూడా సెలవు లేదు. చెప్పేది ఇందు మేడమ్. రఘునాథపల్లి పిల్ల, ఇరవై ఆరేళ్లుంటాయి, మొదటి బస్సు పట్టుకుని వస్తుంది. మనిషి పిడికెడంత, గొంతు మాత్రం మీ మరమగ్గమంత. మొదటిరోజే చెప్పింది, క్లాసులో తెలుగు మాట్లాడితే నిలబెడతానని. పద్దెనిమిది మందిమి ఉన్నాం. అరగంటలో పద్దెనిమిది మందిమీ నిలబడే ఉన్నాం. హాలు మొత్తానికి కూర్చున్నది ఆమె ఒక్కతే.

నా పక్కన కేసముద్రం మార్కెట్లో పత్తి బస్తాలు మోసే యాకయ్య కూర్చుంటాడు. గల్ఫులో డ్రైవరుగా పోతాడట. "నీ పేరేమిటి" అని మేడమ్ ఇంగ్లీషులో అడిగితే "ఐ యామ్ కాటన్" అన్నాడు. ఆ రోజు నుంచి వాడు మాకు కాటన్.

మొదటి వరసలో మీ చెల్లె వినోద. నోటుబుక్కుకు అట్ట వేసి, అట్ట మీద పేరు రాసి, పేరు కింద గీత గీసింది. గీత కూడా స్కేలు పెట్టే గీసింది.

నేనెందుకు చేరానంటావా? జంపఖానాలకు ఆర్డర్లు లేక మగ్గం పడుకుంది. మగ్గం పడుకుంటే నా నోరు లేస్తుంది కదా.

నీ
పాణి


భీవండి
20 జూన్ 2025

పాణీకి,

నీ దండోరా చదివి పడీపడీ నవ్వాను. పక్క మగ్గం హరీష్ నాకు దయ్యం పట్టిందనుకుని నీళ్లు తెచ్చి ఇచ్చాడు. నువ్వేమీ మారలేదు. సంతోషం.

ఇక నవ్వు పక్కన పెట్టి ఒక్క మాట విను.

వినోద సరదాకు ఆ క్లాసులో కూర్చోలేదు. నీకు సగం తెలుసు, మిగతా సగం నేను చెబుతాను. దాని మొగుడు రమాకాంత్ పోయిన తర్వాత కూడా అది ఆ ఇంట్లోనే ఉండి అత్తకు ఏడేళ్లు చేసింది. మంచం మీదనే అన్నీ. ముసలామె ఉగాదికి ముందు కన్ను మూసింది. పెద్దకర్మ భోజనాలు కాగానే మరుదులు ఇద్దరూ చెప్పేశారు, దసరా లోపల గది ఖాళీ చేయాలని. నా దగ్గరికి రమ్మందామంటే ఇక్కడ ఒక్క గదిలో ఆరుగురం మగవాళ్లం పడుకుంటాం.

దుబాయిలో ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమం ఒకటి ఉందట. వాళ్ల మనుషులు ఏడాదికి ఒక్కసారి హైదరాబాదుకు వచ్చి ఆడవాళ్లను ఎంచుకుంటారు. ఈసారి జూలై 26. పావుగంట ఇంగ్లీషులో మాట్లాడాలి. నలభై అయిదు నిండినవాళ్లను తీసుకోరు. వినోదకు డిసెంబరులో నిండుతాయి. అంటే మళ్లీ ఏడాది అనేది దానికి లేదు. ఆ పావుగంటే ఉంది.

అది నాకు రాసిన మొదటి ఉత్తరంలో ఏమందో తెలుసా? "ఏడేండ్లు చేసిన పనే గదన్నా. ఈడ చేస్తే పని మనిషి అన్నరు. ఆడ చేస్తే సిస్టర్ అంటరట."

చిన్నప్పటి సంగతి గుర్తుందా? వెంట్రుకలు రంగు డబ్బాలో ముంచితే పట్టు దారాలవుతాయని నువ్వు చెబితే ముంచింది. అమ్మ గుండు గీయించింది. వారం తిరగకముందే "పాణన్న చెప్పిండు" అంటూ ఇంకోటి మొదలుపెట్టింది. నువ్వు చెప్పింది నమ్మడం దానికి అలవాటు. ఈ నలభై రోజులు ఆ అలవాటుతో ఆడుకోకు. చేతనైతే సాయం చెయ్యి.

దేవదాసు


కొత్తవాడ
30 జూన్ 2025

దేవదాసు మహాశయా,

అంత గట్టిగా రాయాలా? కాగితం చిరిగింది.

సాయం చేస్తూనే ఉన్నాను. నేను లేకపోతే ఈ క్లాసు నడవదు, తెలుసా? మేడమ్ తెలుగు మాట్లాడనివ్వదు. అర్థం తెలుగులో అడగనివ్వదు, తను చెప్పదు. బొమ్మ చూపిస్తుంది, చేతులు తిప్పుతుంది, ఎగురుతుంది. "స్లిప్పరీ" అనే మాట చెప్పడానికి హాలులో నీళ్లు పోసి నిజంగానే జారి పడ్డది పాపం. అందరికీ బాగా గుర్తుంది ఆ మాట. కానీ అన్ని మాటలకూ పడటం కుదరదు కదా.

అందుకని పది గంటలకు క్లాసు వదలగానే టీ కొట్టు దగ్గర నా దుకాణం తెరుస్తాను. దొంగచాటు అర్థాల దుకాణం. సికింద్రాబాదు లాడ్జిలో రెండేళ్లు గదులు ఊడ్చినవాణ్ని, నాకు వచ్చినంత ఇంగ్లీషు ఈ వాడలో ఎవరికి వచ్చు? ఒక్కొక్కరే నోటుబుక్కు పట్టుకుని వస్తారు. నాలుగు నిజాలు చెబుతాను, ఒకటి నా సొంతం కలుపుతాను. యాకయ్యకు "నాన్‌సెన్స్" అంటే చిల్లర లేదని అర్థం చెప్పాను. టీ కొట్టు ఆయన డబ్బులడిగితే కాటన్ గాడు వినయంగా చేతులు కట్టుకుని "నాన్‌సెన్స్, సార్" అన్నాడు. టీ గ్లాసు గాల్లో లేచింది. వాడ మొత్తం నవ్వింది, యాకయ్య కూడా నవ్వాడు.

వినోదది ఇంకా బాగుంది. విను. మొన్న ఇంగ్లీషు పేపరు ముక్క ఒకటి పట్టుకొచ్చింది.

"పాస్ అవే అంటే ఏంది, పాణన్నా?"

"నువ్వేమనుకుంటానవ్?" అన్నాను.

"పాస్ అంటే పాసవుడు. అవే అంటే దూరం, మేడమ్ చేతులు సాపి చూపిచ్చింది. రెండు గలిస్తే ఏమైతదో తెల్వది."

లాడ్జిలో మా ఓనరు తండ్రి ఫొటోకు దండ వేసి కింద ఆ మాటే రాసి పెట్టారు. రెండేళ్లు ఆ ఫొటో తుడిచినవాణ్ని నేను. అయినా మొఖం గంభీరంగా పెట్టి, "పరీక్ష పాసై దూరదేశం పోవుడు. నీలాంటోళ్ల కోసమే పుట్టిందే ఆ మాట" అన్నాను.

ఆమె మొఖం చూడవలసింది. నిలబడే రాసుకుంది. ఇంటికి పోతూ పోతూ మెల్లగా అంటూనే ఉంది, "ఐ విల్ పాస్ అవే, ఐ విల్ పాస్ అవే" అని. నేను టీ కొట్టు బల్ల మీద పడి దొర్లాను.

నాలుగు రోజులు ఆగి చెబుతానులే అసలు అర్థం. కంగారు పడకు.

పాణి


భీవండి
7 జూలై 2025

పాణీ,

నాకు ఇంగ్లీషు రాదు. హరీష్‌ను అడిగాను. వాడు నా మొఖం వంక చూసి, కాగితం మీద రాసి చూపించాడు. "సచ్చిపోవుడు."

ముసలివాళ్లను చూసుకునే పనికి పోతున్న మనిషి నోట్లో పెట్టావురా ఆ మాట.

హరీష్‌తో వినోదకు ఫోన్ చేయించబోయాను. మళ్లీ ఆగిపోయాను. నా దగ్గర నుంచి తెలిస్తే, తనను చూసి టీ కొట్టు దగ్గర నువ్వు నవ్వావని, ఆ నవ్వు భీవండి దాకా వచ్చిందని దానికి అర్థమవుతుంది. మర్నాటి నుంచి క్లాసుకు పోదు. నాకు తెలుసు దాని సంగతి. నువ్వే చెప్పాలి. నవ్వుతూ చెప్పు, తిట్టించుకో, తన్నించుకో. ముడి వేసింది నీ చెయ్యి కాబట్టి నీ చెయ్యే విప్పాలి.

ఈ ఉత్తరం చేరిన రోజే పో. చెప్పి నాకు రాయి.

దేవదాసు


కొత్తవాడ
16 జూలై 2025

దేవదాసుకు,

నీ ఉత్తరం అందింది. ఆ మాట సంగతి అయిపోయింది, ఫికర్ చెయ్యకు.

క్లాసు కబుర్లు చెబుతాను. మేడమ్ అందరినీ ఇంట్లోంచి ఒక వస్తువు తెచ్చి దాని గురించి రెండు నిమిషాలు మాట్లాడమంది. యాకయ్య పత్తి బస్తాకు గుచ్చే కొక్కెం తెచ్చి "దిస్ ఈజ్ మై వైఫ్" అన్నాడు. అది నేను నేర్పింది కాదు, ఒట్టు. భుజం మీద ఎప్పుడూ వేలాడుతుంటుందని వాడే చెప్పాడు. నేను ఒట్టి చేతులతో పోయి "దిస్ ఈజ్ నథింగ్, వెరీ చీప్, కొత్తవాడ మేడ్" అన్నాను. మేడమ్ నవ్వు ఆపుకుంది కానీ మార్కు వేయలేదు.

వినోద ముక్కు ఉన్న ఒక స్టీలు గిన్నె తెచ్చింది. పసిపిల్లలకు పాలు పోసేది ఉంటుందే, అది. దాంతోనే అత్తకు జావ తాగించేదట. నిలబడి ఏం చెప్పిందో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "దిస్ ఈజ్ కప్. షి ఈజ్ ఓల్డ్. షి ఈజ్ యాంగ్రీ. షి త్రో కప్. ఐ బ్రింగ్ కప్. షి త్రో. ఐ బ్రింగ్. లాస్ట్ డే షి నాట్ త్రో. ఐ వెయిట్."

మేడమ్ బోర్డు వైపు తిరిగి చాలాసేపు తుడిచింది. బోర్డు మీద ఏమీ రాసి లేదు అప్పటికి.

తర్వాత మేడమ్ ఆమె క్రియలు దిద్దింది. "త్రో కాదు త్రూ" అని. వినోద పదిసార్లు పలికింది. ఇరవై ఆరున నేనే హైదరాబాదు తోలుకుపోతున్నాను. రైలు టికెట్లు తీశాను.

పాణి


భీవండి
4 ఆగస్టు 2025

పాణీకి,

ఇరవై ఆరు పోయి తొమ్మిది రోజులైంది. నీ నుంచి ముక్క లేదు. నీ చేతికి జబ్బు చేసిందా?

నిన్న వినోద హరీష్ ఫోనుకు చేసింది. హరీష్ విని, కాగితం మీద రాసి చూపించాడు. "పని రాలేదట. ఏడుస్తాంది. ఎందుకు రాలేదో తెల్వదట. బాగానే మాట్లాడిందట."

బాగానే మాట్లాడితే ఎందుకు రాలేదు? నువ్వు తలుపు బయటే ఉన్నావు కదా. ఏం జరిగింది? నువ్వు ఆ మాట గురించి దానికి ఏ రోజు చెప్పావు? ఏమని చెప్పావు? అది ఏమంది?

నీ పోయిన ఉత్తరం మళ్లీ తీసి చదివాను. "ఆ మాట సంగతి అయిపోయింది" అని ఉంది. "చెప్పాను" అని లేదు.

దేవదాసు


కొత్తవాడ
12 ఆగస్టు 2025

దేవదాసన్నా,

లేదు. చెప్పలేదు.

నీ ఉత్తరం అందిన రోజే పోయాను. వినోద వాకిలి పక్క దేవిడీలో కూర్చుని కండెలు చుడుతోంది. రాట్నం తిప్పుతూ పాఠం అప్పజెప్పుకుంటోంది. నన్ను చూడగానే "రా, పాణన్నా, నువ్వు నేర్పిన మాట క్లాసుల సుత జెప్పలే, దాసుకున్న. ఇంటర్వ్యూల చెప్త" అంది. చాయ్ పెట్టింది. తాగి వచ్చాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు ఆ గిన్నె తెచ్చి మాట్లాడింది. ఆ మాటలు విన్న తర్వాత నా మాట ఎట్లా బయటికి తీయను? ఇంకోరోజు, ఇంకోరోజు అనుకున్నాను.

రైల్లో చెప్పవలసింది. వరంగల్‌లో కూర్చున్నాం. కాజీపేట దాటాక నోరు తెరిచాను. కిటికీ పక్కన కూర్చుని అద్దంలో తనకు తానే గుడ్ మార్నింగ్ చెప్పుకుంటోంది. జనగామ దాటాక మళ్లీ తెరిచాను. "ఏంది, పాణన్నా?" అంది. "పల్లీలు తింటవా?" అన్నాను. ఆలేరులో ఒకసారి, భువనగిరిలో ఒకసారి. పల్లీలు, నీళ్లు, పాన్‌పరాగ్ దాకా అడిగాను. అది నవ్వింది. "నాకంటె నీకే భయమైతాంది" అంది. ఇంకో రెండు గంటల్లో పావుగంట మాట్లాడబోయే మనిషి ధైర్యం చెడగొట్టడమెందుకు అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నన్ను ఏ కంటితో చూస్తుందో అని చెప్పలేదు.

ఒక హోటల్లో గది. తలుపు సగమే మూశారు. లోపల ఒక సారు, ఒక మేడమ్. మొదట అన్నీ బాగానే చెప్పింది. పేరు, ఊరు, ఏడేళ్లు అత్తకు చేసిన సంగతి. త్రూ అనే అంది, త్రో అనలేదు. నేను బయట కుర్చీలో కూర్చుని వింటున్నాను. ఆ మాట అవసరం రాకుండానే గడుస్తుందేమో అనుకున్నాను.

ఆఖరున ఆ మేడమ్ "వాట్ ఈజ్ యువర్ డ్రీమ్" అని అడిగింది.

వినోద దాచుకున్నది తీసింది. "మేడమ్, మై డ్రీమ్ ఈజ్ పాస్ అవే. దిస్ ఇయర్ ఓన్లీ."

ఆ మేడమ్ మెల్లగా, చిన్నపిల్లను అడిగినట్టు ఇంకేదో అడిగింది. నాకు సగమే అర్థమైంది. నీకు బతకాలని లేదా, సంతోషంగా లేవా అని అడిగినట్టుంది.

"నో, మేడమ్, వెరీ హ్యాపీ. మై బ్రదర్ ఆల్సో హ్యాపీ. ఆల్ ఓల్డ్ పీపుల్, ఐ టేక్ కేర్. వెన్ ఐ పాస్ అవే, ఆల్ హ్యాపీ."

కలం కింద పెట్టిన చప్పుడు వినపడింది. అప్పుడు లేచి లోపలికి పోయి "తప్పు నాది" అనవచ్చు. కాళ్లు నావే, ఎవరూ కట్టేయలేదు. లేవలేదు.

బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నీ మాట చెప్పంగనె మేడమ్‌కు కండ్లల్ల నీళ్లొచ్చినయ్, పాణన్నా" అంది.

వారానికి రాలేదని ఫోనులో చెప్పారు, మొన్న కాగితం వచ్చింది. అందులో ఏముందో దాని చిన్న మరిది పెద్ద గొంతుతో వాకిట్లో చదివాడు. భాష సరిపోయింది కానీ మానసిక స్థితి నిలకడగా లేనందున తీసుకోలేము అని. ఇప్పుడు ఆ ఇంట్లో దాన్ని పేరు పెట్టి పిలవడం మానేశారు. "ఏం పిచ్చిదానా, గది ఎప్పుడిడుస్తవే" అంటున్నారు. అది మాత్రం ఎక్కడ తప్పు చెప్పానా అని నోటుబుక్కు మొదటి పేజీ నుంచి చదువుకుంటోంది.

ఇప్పటికీ దానికి తెలియదు. నీకే రాశాను మొదట.

పాణి


భీవండి
20 ఆగస్టు 2025

సారంగపాణికి,

నాకు కాదు చెప్పాల్సింది.

పిచ్చిదాన్నేమో అని అది తనను తానే అనుమానించుకుంటూ ఉంటుంది ఇప్పుడు. ఆ ఒక్క మాట చాలు నాకు నిద్ర పట్టకపోవడానికి. చెవులు పోయినప్పుడు కూడా నేను ఇంత ఒంటరినైపోలేదు.

దానికి చెప్పు. ఇందు మేడమ్‌కు చెప్పు. ఆ దుబాయి వాళ్లకు చెప్పు. ముగ్గురికీ చెప్పిన తర్వాత రాయి. అప్పటిదాకా నీ ఉత్తరాలు విప్పను.

దేవదాసు


కొత్తవాడ
28 సెప్టెంబరు 2025

దేవదాసన్నకు,

ముగ్గురికీ చెప్పాను. నువ్వు విప్పుతావని కవరు మీద కూడా అదే రాశాను.

మొదట వినోదకు. కండెలు చుడుతోంది. నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. రాట్నం ఆపలేదు. నేను చెప్పడం అయిపోయింది, రాట్నం తిరుగుతూనే ఉంది. కండె నిండింది, తీసి గంపలో వేసి, ఇంకో ఖాళీ కండె ఎక్కించింది. అప్పుడు ఒక్కటే అడిగింది.

"రైల్ల పల్లీలు తింటవా అన్నప్పుడు గూడ నీకెరుకేనా?"

"ఎరుకే, చెల్లె."

అంతే. తిట్టలేదు. తిడుతుందని తయారై పోయాను, తిట్టు ఒక్కటి కూడా దొరకలేదు. నోటుబుక్కు తీసి, ఆ పేజీ వెతికి, ఆ మాట మీద అడ్డంగా గీత కొట్టింది. స్కేలు కోసం చూడలేదు. చేత్తోనే కొట్టింది.

తర్వాత ఇందు మేడమ్ దగ్గరికి పోయాను. క్లాసు ఎప్పుడో అయిపోయింది కదా, రఘునాథపల్లికే పోయాను. ఆమె వాకిట్లో మిరప నారుకు నీళ్లు పోస్తోంది. చెప్పాను. చెంబు కింద పెట్టింది.

"మీరు నవ్విస్తాంటే నేను గూడ నవ్విన, సారంగపాణి గారూ. క్లాసుల మీరుంటే బాగుండునని గూడ అనుకున్న."

నేను తల వంచుకున్నాను.

"నా తప్పు గూడ ఉన్నది. తెలుగుల ఒక్క మాట గూడ అడగనియ్యలే. అడగనిచ్చుంటే ఆమె నన్నే అడిగేది, టీ కొట్టుకాడికి వచ్చేది కాదు." చెంబు మళ్లీ ఎత్తుకుని, "మీరే రాయండి ఆ కంపెనీకి. ఇంగ్లీషుల. నేను మెయిల్ పంపిస్త" అంది.

"నాకు రాదు, మేడమ్. మీరు చెప్తె రాస్త."

"నలబై రోజులు చెప్పిన గద. రాయండి."

వాళ్ల అరుగు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా రాశాను. ఆ ఉత్తరం నకలు నీకూ పంపుదామనుకున్నాను కానీ, నువ్వు మళ్లీ హరీష్‌ను అడగాలి. నా ఇంగ్లీషు నీకు తెలుగు అక్షరాల్లో ఇదిగో. "సర్ అండ్ మేడమ్. ఐ యామ్ సారంగపాణి, వీవర్. వినోద ఆస్క్ మీనింగ్. ఐ నో గుడ్ మీనింగ్. ఐ టెల్ బ్యాడ్ మీనింగ్, ఫర్ లాఫింగ్. షి బిలీవ్. షి ఈజ్ నాట్ మ్యాడ్. ఐ సిట్ అవుట్‌సైడ్ యువర్ డోర్. ఐ హియర్ ఆల్. ఐ నాట్ కమ్ ఇన్‌సైడ్. మ్యాడ్ ఈజ్ మీ."

మేడమ్ రెండుసార్లు చదివింది. దిద్దమన్నాను. "దిద్దను. తప్పులతోనే పోనీయండి. దిద్దితె వాళ్లు నమ్మరు" అంది.

తొమ్మిది రోజులు జవాబు లేదు. పదో రోజు వచ్చింది, కంప్యూటర్లో ఒక్కసారి మళ్లీ మాట్లాడతామని. సంఘం హాలులోనే, మేడమ్ తన లాప్‌టాప్ తెచ్చి పెట్టింది. నేను లోపలికి పోలేదు. ఎవరూ రావద్దనలేదు కానీ, వినోద గడప దగ్గర నా వైపు చూసింది. అర్థమైంది. పోయి కుక్క పక్కన మెట్ల మీద కూర్చున్నాను. మా పక్కింటి మొగిలమ్మ కిటికీ కింద నిలబడి వింది కానీ ఆమెకు ఇంగ్లీషు రాదు. "మంచిగనే మాట్లాడతాంది, గొంతు వణుకుతలేదు" అని మాత్రం చెప్పింది. లోపల ఉన్న యాకయ్య తర్వాత చెప్పాడు. ఆ సారు, ఆ మాట ఎందుకన్నావని మళ్లీ అడిగాడట. వినోద "సర్, ఐ బిలీవ్డ్ వన్ మ్యాన్. మీనింగ్ ఈజ్ హిజ్ మిస్టేక్. బిలీవింగ్ ఈజ్ మై మిస్టేక్. నౌ ఐ ఆస్క్ టూ పీపుల్" అందట.

ఇప్పుడు ఇద్దరిని అడుగుతుందట ఏ మాటకైనా. యాకయ్య ఈ ముక్క చెప్పి, నా మొఖం చూసి, టీ తాగకుండానే పోయాడు.

తీసుకున్నారు. ఆ పాత కాగితం చెల్లదని ఇంకో కాగితం పంపారు. మేడమ్ దాన్ని తెలుగులో చదివి వినిపించింది, వాకిట్లో, మరుదులిద్దరూ వినేలా. మొదటిసారి ఆమె తెలుగులో గట్టిగా చదవడం విన్నాను. గొంతు నిజంగానే మరమగ్గమే. వినోద ముందు హైదరాబాదులో రెండు నెలలు ట్రైనింగులో ఉంటుంది, అక్కడే హాస్టలు. ఆ తర్వాత దుబాయి. గది మరుదులు చెప్పిన దసరా గడువుకు అయిదు రోజులు ముందే ఖాళీ చేసింది. సామాను ఒక ట్రంకు పెట్టె, ఒక సంచి. ఆ గిన్నె సంచిలో పెట్టుకుంది, నేను చూశాను.

నిన్న పొద్దున ఆటో వచ్చింది. వాడవాళ్లందరం గల్లీలో నిలబడ్డాం. బతుకమ్మ పూలకు పోయే ఆడపిల్లలు కూడా ఆగారు. పెట్టె నేనే ఎత్తి ఆటోలో పెట్టాను. వినోద అందరి దగ్గరికీ పోయి ఆఖరున నా దగ్గరికి వచ్చింది. ఒక్క నిమిషం చూసింది. తర్వాత నెత్తి మీద చిన్న మొట్టికాయ వేసి, నవ్వి, "పోయొస్త, పాణన్నా. నీ నోరు జర బంద్ పెట్టుకో" అంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆటో మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

కాబట్టి ఇక నువ్వు కూడా కోపం వదిలెయ్యి.

నీ
పాణి

కవరు అంటించబోయి మళ్లీ తీశాను.

దేవదాసూ, వినోద అందరికీ చెప్పింది. మొగిలమ్మకు "పోయొస్త, అవ్వా" అంది. యాకయ్యకు "పోయొస్త, అన్నా" అంది. మరుదులకు కూడా చెప్పింది, పోతున్నా అనకుండా, మంచి మాటే చెప్పింది. నా ముందుకు వచ్చి నిలబడి, నాకొక్కడికే ఇంగ్లీషులో చెప్పింది. "సారంగపాణీ, ఐ యామ్ గోయింగ్." అన్న అనలేదు. వస్తాననలేదు. ఆ వాక్యంలో ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని నిన్నటి నుంచి వెతుకుతున్నాను. దొరకలేదు.

మొట్టికాయ లేదు, నవ్వు లేదు. "పోయొస్త, పాణన్నా" అన్నదని పైన రాశానే, అది పూర్తిగా నేను కల్పించింది.